వంటగదిలో "మనమంతా ఒక కుటుంబం" నిజమేనా? ఉండాలా, మానేయాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెస్టారెంట్ వంటగదిలో చేరి మూడు వారాలైందన్నావు. రాత్రి ఇంటికి చేరేసరికి అరికాళ్లు మంటలెత్తుతున్నాయని, సర్వీస్ టైంలో అందరూ అరుస్తుంటే చేతులు వణుకుతున్నాయని, ఇంట్లోవాళ్లు మానేయమని పోరు పెడుతున్నారని రాశావు. "చేరిన రోజు మేనేజర్ మనమంతా ఒక కుటుంబం అన్నాడు. గిన్నెలు కడిగే పెద్దాయన తప్ప నన్ను పలకరించే మనిషి లేడు. ఆయన పేరు కూడా నాకింకా తెలియదు. వంటగదిలో స్నేహాలు గట్టిగా ఉంటాయంటారు, నిజమేనా? ఉండాలా, మానేయాలా?" అని అడిగావు.

ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. గిన్నెల దగ్గర మొదలుపెట్టాను. తర్వాత కూరగాయలు తరిగాను, ఫ్రయర్ దగ్గర నిలబడ్డాను, స్టవ్ మీదకి వచ్చాను, ఒక ఏడాది బయట టేబుళ్ల దగ్గర సర్వీస్ కూడా చేశాను. ఇప్పుడు ఒక వంటగది బాధ్యత నాది. స్నేహం నిజమే. నా జీవితంలో గట్టిగా నిలబడిన స్నేహాలన్నీ ఇక్కడ దొరికినవే. కానీ ఆ స్నేహం పేరు చెప్పి మన ఒళ్లు హూనం చేసేవాళ్లు కూడా ఇక్కడే ఉంటారు. ఈ రెండూ వేరువేరని నాకు అర్థం కావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. నీకు అన్నేళ్లు పట్టకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు కాళ్ల సంగతి, అది ఆగే విషయం కాదు. నడుస్తున్నప్పుడు పిక్క కండరాలు బిగుసుకుంటూ, వదులవుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. ఒకే చోట గంటల తరబడి నిలబడితే ఆ పని సరిగ్గా జరగదు, రక్తం కిందే నిలిచిపోతుంది, పాదాలు ఉబ్బుతాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే పిక్కల మీద నరాలు ఉబ్బి మెలితిరుగుతాయి. తరుగుతున్నప్పుడే మధ్యమధ్యలో మడమలు ఎత్తి దించుతూ ఉండు, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చు. జారని అడుగు ఉన్న, ముందు భాగం మూసి ఉన్న బూట్లు కొనుక్కో. సాయంత్రం పూట కొను, అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది కాబట్టి అసలు సైజు తెలుస్తుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమలో సూది గుచ్చినట్టు ఉంటే మాత్రం అది అలవాటు లేక వచ్చే నొప్పి కాదు, డాక్టర్‌కి చూపించుకో. మామూలు నొప్పి అయితే ఇంకొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

వేడి విషయంలో మనవాళ్లు చేసే తప్పు, దాహం వేసేదాకా నీళ్లు తాగకపోవడం. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగు, ఎవరూ ఏమీ అనరు. కళ్లు తిరిగినా, కండరాలు పట్టేసినా వెంటనే చల్లని చోటికి వెళ్లు. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ కావచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటే స్థితి అది, ప్రాణం మీదకి వస్తుంది. అప్పుడు ఆర్డర్ల గురించి ఆలోచించకూడదు, అంబులెన్స్ పిలవాలి. ఎగ్జాస్ట్ పనిచేయకపోతే కూడా ఊరుకోవద్దు. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో పెట్టింది. "అలవాటైపోతుందిలే" అని తేలిగ్గా తీసేసే సంగతి కాదది.

ఇక అరుపుల సంగతి. నీ చేతులు వణకడానికి కారణం ఇదే అనిపించింది. ఆ అరుపుల్లో చాలావరకు కోపం ఉండదు. ఒక టేబుల్‌కి నాలుగు వంటకాలు వెళ్లాలనుకో. ఒకటి పన్నెండు నిమిషాలు పడుతుంది, ఇంకోటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. నాలుగూ ఒకేసారి, వేడి తగ్గకుండా పాస్ మీదకి, అంటే వండిన ప్లేట్లు బయటికి అందించే బల్ల మీదకి రావాలి. అందుకే అక్కడ నిలబడ్డ మనిషి "ఎంతసేపు?" అని కేకేస్తాడు. ఆయనకి కావాల్సింది ఒక అంకె. "అయిపోతోంది చెఫ్" అంటే ఆయనకి ఏమీ తెలియదు. "నాలుగు నిమిషాలు" అంటే మిగతా ముగ్గురి పనినీ ఆ నాలుగు నిమిషాల చుట్టూ సర్దుతాడు. భయపడి తక్కువ చెప్పావనుకో, నిన్ను నమ్మి వండినవాళ్ల ప్లేట్లన్నీ చల్లారిపోతాయి. ఆరు అవుతుందనిపిస్తే ఆరు అనే చెప్పు. అప్పుడు తిట్టు పడినా పడనీ, పని మాత్రం చెడదు. ఇది పట్టుబడితే నీ వణుకు సగం పోతుంది.

"వెనకాల", "వేడి", "కత్తి" అనే కేకలు కూడా అంతే. మరుగుతున్న గిన్నె పట్టుకుని నీ వెనక నుంచి వెళ్తున్నాను, తిరగొద్దు అని అర్థం. నువ్వూ అరవాలి. కొత్తవాళ్లు సిగ్గుపడి మెల్లగా అంటారు, ఆ సిగ్గు వల్లే ఒకరి మీద ఒకరు పోసుకుంటారు.

మనిషిని తీసిపారేసే తిట్లు వేరు. "నువ్వు చెప్పిన టైం తప్పు, మళ్లీ చెయ్" అన్నది పని గురించి. నీ పుట్టుక గురించో, చదువు గురించో, ఒళ్లు గురించో మాట్లాడటం పని గురించి కాదు. "వంటగది అంటే ఇంతే, మొదటి నుంచీ ఇంతే" అని సర్దిచెబుతారు. అది అబద్ధం. ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతికి, అంటే గ్రిల్, స్టవ్, సలాడ్లు లాంటి ఒక్కో పని చోటుకి, అదే ఒక్కో స్టేషన్‌కి, ఒక్కో మనిషి, వాళ్లందరి మీదా ఒక చెఫ్ అనే పద్ధతికి, రూపం ఇచ్చింది ఆగస్ట్ ఎస్కోఫియే అనే ఫ్రెంచ్ చెఫ్. పదమూడేళ్ల వయసులో మేనమామో బాబాయో గాని, చుట్టాల రెస్టారెంట్‌లోనే పనికి కుదిరినవాడు. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ మధ్య జరిగిన యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యానికి వండాడు, ఆ క్రమశిక్షణే తర్వాత వంటగదిలోకి తెచ్చాడు. బూతులు, తాగుడు తన వంటగదిలో ఉండకూడదని పట్టుబట్టింది కూడా ఆయనే. నూరేళ్లకి పైగా నడుస్తున్న పద్ధతిని పెట్టినవాడే వద్దన్నదాన్ని సంప్రదాయం అని ఎలా అంటాం?

నేను కూడా అరిచినవాణ్నే. స్టవ్ మీదకి వచ్చిన కొత్తలో ఒక కుర్రాణ్ని అందరి ముందు నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు మర్నాటి నుంచి రాలేదు. వాడి ఆప్రాన్ కొక్కేనికి వారం రోజులు అలాగే వేలాడింది. దాన్ని తీసి ఉతకడానికి వేయాల్సింది నేనే అని తెలుసు, చేతులు రాలేదు. ఇప్పుడు నా వంటగదిలో గొంతు పెంచొచ్చు గాని మనిషిని అనకూడదు. ఆ నియమం ఆ ఆప్రాన్ చూసి పెట్టుకున్నదే.

నువ్వు అడిగిన స్నేహం సంగతికి వస్తాను.

నేను చేరిన రెండో ఏడాది. శనివారం రాత్రి. టికెట్లు, అంటే ఆర్డర్ చీటీలు, గుచ్చే పట్టీ నిండిపోయింది, కొత్తవి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఓవెన్‌లోంచి పెనం తీయడానికి డస్టర్ అందుకున్నాను. తడిగా ఉందని చూసుకోలేదు. పొడి గుడ్డ అయితే వేడిని కాసేపు ఆపుతుంది. తడి గుడ్డలో నీళ్లు క్షణంలో ఆవిరై చేతికి తగులుతాయి. వదిలేస్తే పక్కవాళ్ల కాళ్ల మీద పడుతుంది కాబట్టి స్టవ్ మీద పెట్టేదాకా పట్టుకునే ఉన్నాను. అరవలేదు కూడా.

గ్రిల్ మీద ఒక అన్న ఉండేవాడు. నాకూ ఆయనకీ అప్పటిదాకా ఒక్క మంచి మాట లేదు. నేను నెమ్మది అని రోజూ విసుక్కునేవాడు. పెనం పెట్టిన చప్పుడులో ఏం తేడా విన్నాడో తెలియదు గాని, వచ్చి మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి కుళాయి కింద పెట్టాడు. "ఇరవై నిమిషాలు. చెయ్యి తీశావంటే ఊరుకోను" అని వెళ్లిపోయాడు. (కాలితే చేయాల్సింది అదే. చల్లని కుళాయి నీళ్లు, ఇరవై నిమిషాలు. ఉంగరం, వాచీ వెంటనే తీసేయాలి. ఐసు, టూత్‌పేస్టు, వెన్న రాయకూడదు. పెద్దగా బొబ్బలు లేస్తే ఆస్పత్రికి వెళ్లాలి.)

కుళాయి దగ్గర నుంచి నా స్టేషన్ కనిపిస్తూనే ఉంది. ఆ అన్న ఒక చేత్తో గ్రిల్, ఇంకో చేత్తో నా పెనాలు చూసుకుంటున్నాడు. సలాడ్ల దగ్గర ఉండే అక్క తన పని మధ్యలో నా ప్లేట్లు సర్దుతోంది. గిన్నెలు కడిగే కుర్రాడు చేతులు తుడుచుకుని వచ్చి, అడగకుండానే ఫ్రిజ్ లోంచి నాకు కావాల్సినవి తెచ్చిపెడుతున్నాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. చేతికి కట్టు కట్టుకుని వెనక్కి వచ్చేసరికి అయిపోవచ్చిన డబ్బాలన్నీ నింపి ఉన్నాయి. నా కత్తి కడిగి మడతపెట్టిన గుడ్డ మీద పెట్టి ఉంది. నాది ఎడమచేతి వాటం. ఆ వంటగదిలో అందరి స్పూన్లూ కుడివైపు ఉండేవి. నావి ఎడమవైపే పెట్టారు.

ఏడాదిపాటు నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదని అనుకున్నాను. నేను ఏ చేత్తో స్పూన్ తీస్తానో వాళ్లకి తెలుసు.

మర్నాడు ఆ అన్న మళ్లీ నెమ్మది అని విసుక్కున్నాడు. నాకు నొప్పి అనిపించలేదు.

ఈ స్నేహం ఎందుకు ఇంత గట్టిగా ఉంటుందో నాకు తోచింది చెబుతాను. ఇక్కడ ఎవరి పనీ ఒంటరిగా పూర్తవదు, ఎవరు ఎంత చేస్తున్నారో అందరి కళ్ల ముందే ఉంటుంది. లోకం సెలవు తీసుకున్న రోజే మనకి ఎక్కువ పని. పండగలకి, పెళ్లిళ్లకి, పిల్లల పుట్టినరోజులకి మనం ఉండం. అర్ధరాత్రి పని అయ్యాక మాట్లాడుకోవడానికి మెలకువగా ఉండేది మళ్లీ ఈ మనుషులే. సర్వీస్‌కి ముందు అందరూ నిలబడో, బోర్లించిన డబ్బాల మీద కూర్చునో పది నిమిషాల్లో తినే స్టాఫ్ భోజనం ఉంటుంది చూడు, దాన్ని మానేయకు. కొత్తవాళ్లు పని మిగిలిపోయిందని మానేస్తారు. నీకు పలకరింపు దొరికే చోటు ముందుగా అదే.

బయట సర్వీస్ చేసేవాళ్లని కూడా దూరం పెట్టకు. లోపలివాళ్లకి బయటివాళ్ల పని తేలిగ్గా కనిపిస్తుంది. నేను చేసిన ఆ ఒక్క ఏడాదిలో కాళ్ల కన్నా మొహం ఎక్కువ అలిసిపోయింది. అవమానం మింగి నవ్వడం కూడా జీతానికి చేసే శ్రమే. ఆర్లీ హోక్షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో దానికి "భావోద్వేగ శ్రమ" అని పేరు పెట్టింది. వంట ఆలస్యమైతే ఆ మాటలు పడేది వాళ్లే. "టేబుల్ ఏడు ఇంకా ఎనిమిది నిమిషాలు" అని నువ్వు ముందే చెబితే వాళ్లు ఆ మాటలు పడకుండా ఆపినవాడివవుతావు.

ఇప్పుడు రెండో కథ. కొన్నేళ్ల తర్వాత వేరే చోట చేరాను. అక్కడా కుటుంబం అనే అన్నారు. పని గంటలు అయిపోయినట్టు సంతకం పెట్టించి, ఆ తర్వాత రెండు గంటలు ఎగ్జాస్ట్ ఫిల్టర్లు, ఫ్రయర్లు కడిగించేవాళ్లు. ఎనిమిది నెలలు అలా చేశాను. ఆ గంటలకి జీతం అడిగితే "ఇంట్లో పనికి డబ్బులు అడుగుతారా?" అన్నారు. ఒకరోజు వాంతులు అవుతున్నాయని ఫోన్ చేశాను. "నువ్వు రాకపోతే నీ పక్కవాళ్లే చస్తారు, ఆలోచించుకో" అన్నారు. వాళ్ల మీద ప్రేమతో వెళ్లాను. వాంతులు, విరేచనాలు ఆగాక కూడా 48 గంటల దాకా వంటగదికి దూరంగా ఉండాలని ఆహార భద్రత నిపుణులు చెబుతారు, ఎందుకంటే ఒక్క మనిషి నుంచి తినేవాళ్లందరికీ అంటుకోవచ్చు. నన్ను చూడగానే బలవంతంగా ఇంటికి పంపింది ఎవరనుకున్నావు? "నీ పక్కవాళ్లే చస్తారు" అన్నారే, ఆ పక్కవాళ్లే. "మేం చూసుకుంటాం, వెళ్లి పడుకో" అన్నారు.

ఆ రోజు నుంచి ఎవరైనా "మనవాళ్ల కోసం" అంటే నేను రెండే చూస్తాను. అడిగేది ఎవరు, ఆ భారం మోసేది ఎవరు. పక్కవాడు అడిగితే రేపు వాడూ నాకోసం మోస్తాడు. మనుషుల్ని తక్కువ పెట్టుకుని, ఆ ఖాళీని మన స్నేహంతో పూడ్చమని పైవాళ్లు అడిగితే అది జీతం ఎగ్గొట్టడమే, దానికి ఇంకే పేరూ పెట్టకు.

మన పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో ప్రత్యేకంగా ఒక ఒప్పందం చేసింది, 172వ నంబరుది, హోటళ్లు, రెస్టారెంట్ల పని పరిస్థితుల మీద. ఎవరు ఏ రోజు పనికి రావాలో వీలైనంత వరకు ముందుగానే చెప్పాలని, పండగ రోజు పనిచేయిస్తే దానికి తగిన సెలవో డబ్బో ఇవ్వాలని, టిప్పులు వచ్చినా రాకపోయినా మూల వేతనం క్రమం తప్పకుండా ఇవ్వాలని అందులో ఉంది. దాన్ని ఆమోదించిన దేశాలు తక్కువే. అయినా నువ్వు అడిగేది గొంతెమ్మ కోరిక కాదని నీకు తెలియాలి. నీ పని గంటలు రోజూ ఒక చిన్న పుస్తకంలో రాసుకో. వచ్చిన టైం, వెళ్లిన టైం, బ్రేక్ ఇచ్చారా లేదా. ఇదొక్కటీ ఈ రాత్రే మొదలుపెట్టు.

తాగుడు గురించి కూడా చెప్పాలి. సర్వీస్ అయ్యాక ఒళ్లు అలిసిపోయినా బుర్ర పరుగెడుతూనే ఉంటుంది, నిద్ర రాదు. అందుకే అందరూ కలిసి తాగడానికి వెళ్తారు, వెళ్లకపోతే జట్టులోంచి తప్పిపోతామేమోనని కొత్తవాళ్లూ వెళ్తారు. నాతో పనిచేసిన మంచి పనివాడు ఒకడు పొద్దునే ఒక గుక్క పడితే గాని చేతి వణుకు ఆగని స్థితికి వచ్చాడు. వాడి కత్తి పని చూడటానికి మేమంతా పని ఆపి నిలబడేవాళ్లం. నువ్వు వెళ్లు, కూర్చో, సోడా తాగు, మాట్లాడు. జట్టు నిన్ను ఎంచేది పొద్దున నువ్వు టైంకి వచ్చి నీ స్టేషన్ సిద్ధం చేసుకున్నావా లేదా అన్నదాన్ని బట్టే.

ఉండాలా, మానేయాలా అన్నదానికి నా మాట ఇది. చేతులు వణకడం, నెమ్మదిగా చేయడం, ఎవరూ పలకరించకపోవడం, వీటి వల్ల మానేయకు. మూడు వారాలకి ఎవరికైనా ఇంతే. కొత్తవాళ్లు చాలామంది నెల తిరక్కుండానే వెళ్లిపోతారు కాబట్టి, పాతవాళ్లు మనసు పెట్టడానికి టైం తీసుకుంటారు. అది పొగరు కాదు. మూడు నెలలు ఉండు. కానీ చెయ్యి చేసుకుంటే, లేక ఎవరైనా ఎక్కడపడితే అక్కడ తాకితే, జీతం ఆపితే, కాలిన చేత్తో పని చేయమంటే, మూడు నెలలు కాదు కదా, మూడు రోజులు కూడా ఆగొద్దు. పని వచ్చిన చెయ్యికి ఇంకో వంటగది దొరుకుతుంది. ఇంట్లోవాళ్లకి కూడా ఈ తేడానే వివరంగా చెప్పు, వాళ్ల భయం నీ కాళ్లు చూసి పుట్టింది.

రేపు సాయంత్రం బూట్లు కొనుక్కో. పనికి వెళ్లగానే ఆ పెద్దాయన పేరు అడుగు. నీ గిన్నెలు ఇచ్చేటప్పుడు అడుగంటినవి విడిగా నానబెట్టి ఇవ్వు, కత్తిని మాత్రం సబ్బు నీళ్ల తొట్టిలో ఎప్పుడూ వేయకు. నురగ కింద అది కనబడదు, ఆయన చెయ్యి పెడతాడు.